కత్తాకు పూల దుప్పటి

అనగనగా చలిమల అని ఒక ఊరు. ఆ ఊరు కొండ నెత్తిన ఉండేది. పొద్దున్నే తలుపు తీస్తే మనకంటే ముందు మంచు గడప దాటి లోపలికి వచ్చేసేది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో తల్లీ, ఈ కథలో చలి ఎక్కువ.

ఆ ఊళ్ళో రెడ్డెమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడు గొర్రెలు తోలుకుని కొండ అవతలికి పోతే ఎండాకాలానికి గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఇంట్లో రెడ్డెమ్మ, పెరట్లో ఆమె పూలమడి. అంతే.

ఏం పూలు అంటావా? ఆ ఊరివాళ్ళు కత్తాకు పూలు అనేవాళ్ళు. ఆకులు కత్తుల్లా నిటారుగా లేచి నిలబడేవి, అందుకని. చదువుకున్నవాళ్ళు ఐరిస్ అంటారట. మనకు నోరు తిరిగిన పేరే మనం అనుకుందాం. నేలలో అల్లం కొమ్ములాంటి దుంప ఉంటుంది. శివరాత్రి దాటి చలి తగ్గాక ఆకుల మధ్యలోంచి ఒక కాడ లేస్తుంది. కాడకు మొగ్గ, మొగ్గలోంచి నీలం పువ్వు. రేకు మధ్యలో ఎవరో వేలితో పసుపు రాసినట్టు ఒక గీత.

ఆ పూలతో ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. పుట్టిన బిడ్డను మొదటిసారి ఉయ్యాల్లో వేసేటప్పుడు నాలుగు తాళ్ళకూ నాలుగు కత్తాకు పూలు కట్టాలి. పక్కింటివి పనికిరావు. బిడ్డ అమ్మమ్మ పెరట్లో పూసినవే కావాలి. పూలకాలం కాకపోతే అంతకుముందు పూసినవి నీడన ఎండబెట్టి దాచుకున్నవి కట్టేవాళ్ళు. ఆ పూలు కట్టందే ఎవరూ బిడ్డను ఉయ్యాల్లో వేసేవాళ్ళు కాదు. ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. తెలీని ఆచారాన్నే జనం ఇంకాస్త గట్టిగా పట్టుకుంటారు.

రెడ్డెమ్మకు ఒక్కతే కూతురు, వనజ. కొండ కింద ఊరికి ఇచ్చారు. రెండేళ్ళ కిందట వనజ మొదటి కానుపుకు పుట్టింటికి వచ్చింది. సరిగ్గా ఆ ఏడు రెడ్డెమ్మ మళ్ళో పూలు పూయలేదు. పుట్టిన మొగ్గ పుట్టినట్టే వాడి రాలిపోయింది. ఆ తర్వాత బిడ్డ పుట్టింది గానీ నిలవలేదు. ఉయ్యాల కట్టే రోజు దాకా కూడా ఉండలేదు పాపం.

అప్పుడు వనజ మనసులో ఒక మాట పడింది. ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదు. పూలకు ముందే తెలుసు, అందుకే పూయలేదు అని తనకు తానే అనుకుంది. ఆ మాటను ఎవరికీ చెప్పకుండా లోపలే దాచుకుంది.

ఆ మరుసటేడు కూడా పూలు అంతంతమాత్రమే. ఒకటో రెండో విచ్చి, పూర్తిగా విచ్చుకోకుండానే ముడుచుకుపోయాయి. దాచిపెట్టడానికి ఒక్కటి కూడా దక్కలేదు. ఆ పై ఏడు వనజ మళ్ళీ నిండు చూలాలై పుట్టింటికి వచ్చింది.

వచ్చిన మొదటి పొద్దునే పక్క మీద నుంచి లేవకుండా అడిగింది.

"మొగ్గలు వచ్చినాయామ్మా?"

"వస్తాయిలే పాపా, ఇంకా చలి పోలేదు గదా" అంది రెడ్డెమ్మ.

రెండో పొద్దున అదే మాట. మూడో పొద్దునా అదే మాట. జవాబు విన్నాక వనజ పళ్ళెం దగ్గర కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేది. రాగిసంగటి చల్లారిపోయేది. రెడ్డెమ్మ దాన్ని వేడి చేసి మళ్ళీ తెచ్చి పెట్టేది. తల్లి తినకపోతే లోపలున్న బిడ్డ ఏం తింటుంది చెప్పు?

ఇక రెడ్డెమ్మకు నిద్ర కరువైంది. ఈ ఏడు పూలు పూయాలి. పూయకపోతే పిల్ల భయంతోనే చిక్కిపోతుంది. పూలు పూయించడం తప్ప ఆమెకు ఇంకో దారి తోచలేదు.

ఆ ఊరివాళ్ళు మరో పని కూడా చేసేవాళ్ళు. కార్తీకంలో చలి మొదలై ఇళ్ళలో కంబళ్ళు దించే రోజునే కత్తాకు పూలకు కూడా దుప్పటి కప్పేవాళ్ళు. ఎండిన ఆకులను కోసి పారేయకుండా ఆ మొక్కల మొదట్లోనే పేర్చేవాళ్ళు. మనకు చలేసినట్టే దుంపకూ చలేస్తుందని వాళ్ళ నమ్మకం. అందరూ ఒక వరస కప్పితే రెడ్డెమ్మ మూడు వరసలు కప్పేది. పక్కిళ్ళలో మిగిలిన ఎండాకు అడిగి మరీ తెచ్చుకునేది. కప్పుతుంటే ఆ ఆకుల్లోంచి ఎండాకు రంగు రెక్కల పురుగులు ఒకటీ రెండూ పటపటా లేచేవి. కొంగుతో విదిలించి తన పని తను చేసుకునేది.

ఆ ఏడు శివరాత్రి దాటింది. ఆకులు లేచాయి గానీ పచ్చగా లేవు, పసుపు తిరిగాయి. రెడ్డెమ్మ మడి దగ్గర కూర్చుని ఒక్కో ఆకూ తిప్పి చూసింది.

అప్పుడు కాడల మీద ఏదో జిగురుగా వేలికి తగిలింది. దగ్గరగా చూస్తే గుంపులు గుంపులుగా పేనుబంక. ఆకుపచ్చటి పేలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని రసం పీలుస్తున్నాయి. చీమలు వాటి వెనకాలే వరసకట్టాయి. ఇదే నా దొంగ అనుకుంది రెడ్డెమ్మ. కుంకుడుకాయలు నానబెట్టి, నురగ తీసి, ఆ నీళ్ళు చిలకరించి గుడ్డతో కాడలన్నీ తుడిచింది. పేనుబంక పోయింది. చీమలు దారి మళ్ళాయి. కానీ ఆకుల పసుపు తగ్గలేదు.

మర్నాడు వనజ మళ్ళీ అడిగింది. వస్తాయిలే అంది రెడ్డెమ్మ. అప్పుడు భయమేసి ఏం చేసింది? ఇంకో గంప ఎండాకు తెచ్చి మడి నిండా కప్పింది.

ఆ తర్వాత ఆమె తమ్ముడు ఓబులేసు అక్కను చూడ్డానికి వచ్చాడు. కొండ కింద టమాటా వేసి ఎన్నో పురుగులు చూసినవాడు. ఆకుల మీద వెండి గీకినట్టున్న చారలు చూసి ఇది తామర పురుగు పని అన్నాడు. బావ తెల్ల తుండుగుడ్డ పరిచి దాని మీద ఆకును విదిలించమన్నాడు. విదిలిస్తే నువ్వుగింజ కంటే సన్నని పసుపు పురుగులు రాలి గుడ్డ మీద గబగబా పాకాయి. ఓబులేసు చెప్పింది నిజమే. రెడ్డెమ్మ వేపగింజలు దంచి, కషాయం తీసి, వారం పొడుగునా కొట్టింది. కొత్త ఆకుల మీద చారలు రాలేదు. మూడు కాడలకు మూడు మొగ్గలు కూడా లేచాయి.

ఆ పొద్దున వనజ అడక్కముందే రెడ్డెమ్మ చెప్పేసింది. వనజ పెరట్లోకి వచ్చి మూడు మొగ్గలనూ చూసింది. ఆ పూట పళ్ళెంలో సంగటి మిగల్లేదు. నాలుగోది కూడా వస్తే చాలు అని తల్లీకూతుళ్ళిద్దరూ అనుకున్నారు గానీ ఒకరికొకరు చెప్పుకోలేదు.

నాలుగోది రాలేదు. పైగా ఆకుల అంచులు ఎవరో పళ్ళతో కొరికినట్టు గాట్లు పడ్డాయి. కొన్ని ఆకుల మీద తడిసిన మరకలా ఒక చార పైనుంచి కిందికి దిగుతోంది. ఆకుల మొదట్లో తడి రంపపుపొట్టు లాంటిదేదో రాలి ఉంది. పేనుబంక పొట్టు రాల్చదు. తామర పురుగు గాట్లు పెట్టదు. మరి ఇదెవరు? రెడ్డెమ్మకు అంతు చిక్కలేదు. నీళ్ళెక్కువై కుళ్ళుతున్నాయేమో అనుకుని నీళ్ళు మానేసింది. చలి దెబ్బేమో అనుకుని మళ్ళీ ఇంకో గంప ఎండాకు తెచ్చి కప్పింది. నవ్వకు, భయమేస్తే ఆమెకు తెలిసింది ఆ ఒక్క పనే.

మంచు బాగా పట్టిన ఒక పొద్దున మూడు మొగ్గల్లో ఒకటి వాలిపోయింది. రెడ్డెమ్మ దాన్ని తుంచి కొంగులో దాచేసింది. ఆ రోజు వనజ అడిగితే మూడూ బాగున్నాయంది. కూతురి ముఖంలోకి చూడకుండా అబద్ధమాడింది, ఆమెకు అదే మొదటిసారి. కానుపు దగ్గర పడుతోంది మరి.

వనజకు తల్లి గొంతు తెలీదా? ఒక చెయ్యి నడుం మీద వేసుకుని మెల్లగా పెరట్లోకి నడిచింది. మంచులో మొగ్గలు లెక్కపెట్టుకుంది. రెండే ఉన్నాయి. మూడోది ఆకుల మాటున ఉందేమోనని వంగి, ఆకుల కట్టను పక్కకు జరపబోయింది.

ఆకుల కట్ట మొత్తం ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది. వేరు లేదు, మొదలు లేదు. అడుగున గోధుమరంగు బంక, ముక్కు పగిలే కంపు. వనజ దాన్ని చేతిలో పట్టుకునే నేల మీద కూలబడింది.

రెడ్డెమ్మ పరుగెత్తుకొచ్చింది. ముందు పిల్లను పట్టుకుంది, ఒళ్ళంతా తడిమింది, మంచినీళ్ళు తాగించింది. లోపల బిడ్డ కదిలిందా అని అడిగింది. కదిలింది అని వనజ తల ఊపాక గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. అప్పుడు ఆమెకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. కూరగాయల కత్తి తెచ్చి, ఆ కట్ట ఊడిన చోట మట్టి గీకి, దుంపను పైకి లాగింది. దుంప బయటికి బాగానే ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. కత్తితో రెండుగా చీల్చింది.

లోపలంతా డొల్ల. ఆ డొల్లలో చిటికెన వేలంత లావు పురుగు ఒకటి ముడుచుకుని పడుకుని ఉంది. లేత గులాబీ రంగు ఒళ్ళు, గోధుమరంగు తల. మన ఇంట్లో మనం పడుకున్నంత హాయిగా పడుకుంది.

రెడ్డెమ్మ దాన్ని తీసి రాయి మీద పెట్టింది. ఇది లోపలికి ఎలా వచ్చింది? ఊడిన ఆకును వెలుతురుకు పట్టి చూసింది. ఆకు నడుమ తొలిచిన దారి ఒకటి పైనుంచి కిందికి దిగుతోంది. అంటే ఆకు పైభాగంలో దూరి, లోలోపలే తొలుచుకుంటూ దుంప దాకా వచ్చింది. మరి ఆకు దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చింది? పక్క ఆకు చూసింది. గాటు పడిన చోట ఎండాకు దుప్పటి ఆనుకుని ఉంది. ఇంకో ఆకు చూసింది. అక్కడా అంతే.

అప్పుడు రెడ్డెమ్మ ఎండాకు ఒకటి తీసి విప్పింది. మడతలో గసగసాల్లాంటి గుడ్లు, వరసగా అంటించినట్టు. కొన్ని పగిలి ఖాళీగా ఉన్నాయి. ఒకదాని పక్కన దారప్పోగు లాంటి పిల్ల పురుగు పచ్చి ఆకు వైపు పాకుతోంది. ఎండాకు రంగు రెక్కల పురుగులు ఎందుకు ఆ దుప్పట్లో తిరిగేవో ఆమెకు అప్పుడు తెలిసింది. చలికాలమంతా తను గంపలకొద్దీ మోసి కప్పింది పూలకు కాదు, ఈ గుడ్లకు. అందరికంటే ఎక్కువ కప్పింది తనే. అందుకే అందరికంటే ఎక్కువ పాడైంది తన మడే. నేల మీద కూర్చుని చీల్చిన దుంప వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమె బాధ చెప్పేది కాదు.

వనజ కూడా ఆ దుంప వైపే చూస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"రెండేళ్ళ కింద గూడా ఇదేనా తినింది?"

"ఇదే పాపా. ఈ డొల్ల ఒక్క ఏడుది గాదు."

"అయితే నా బిడ్డకూ ఈ పూలకూ ఏం సమ్మందం లేదా?"

రెడ్డెమ్మకు అప్పుడు గానీ తెలీలేదు, కూతురు రెండేళ్ళుగా లోపల ఏం మోస్తోందో. పిల్ల తలను గుండెకు పొదువుకుంది.

"లేదు తల్లీ. పూలకు పురుగు పట్టింది. అంతే."

వనజ ఏడ్చింది. బిడ్డ పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. రెడ్డెమ్మ ఆపమనలేదు, ఏడవనిచ్చింది.

ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. మళ్ళో ఇంకా రెండు మొగ్గలు నిలబడి ఉన్నాయి. వాటిని ఉంచుకుంటే పురుగు దుంప నుంచి దుంపకు పాకి మడి మొత్తం తినేస్తుంది. తవ్వేస్తే గట్టి దుంపలు కొన్నయినా దక్కుతాయి గానీ ఈ ఏడు ఒక్క పువ్వు ఉండదు. ఉయ్యాలకు పూలు ఉండవు. రెడ్డెమ్మ పార పట్టుకుని నిలబడింది గానీ చెయ్యి ఆడలేదు.

పక్కింటి చౌడమ్మ గోడ మీద నుంచి తొంగిచూసింది. ఊళ్ళో అందరికంటే పెద్దది, అందరి విషయాలూ తనవే అనుకునే మనిషి. నిండు చూలాలు ఇంట్లో ఉండగా ఎవరైనా నేల తవ్వుతారా, ఉన్న మొగ్గలు పీక్కుంటారా, నీకేం పొయ్యేకాలం అని కేకలేసింది. రెడ్డెమ్మ భయం రెట్టింపైంది. కూతురి వైపు తిరిగి తవ్వేదా అని అడిగింది. వనజ చెయ్యి ఆ రెండు మొగ్గల మీదే ఉంది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత తీసేసింది.

రెడ్డెమ్మ తవ్వింది. ముందు ఎండాకంతా గంపలకెత్తి పెరటి చివర కుప్ప పోసి నిప్పు పెట్టింది. తర్వాత ఒక్కో దుంపా పైకి తీసింది. వనజ పీట వేసుకుని కూర్చుని, ఒక్కో దుంపనూ బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తగా దిగితే మంటలోకి, గట్టిగా ఉంటే నీళ్ళ బానలోకి. మడి మొత్తంలోంచి గట్టివి ఒక చాటెడు మిగిలాయి. వాటిని కడిగి, ఎండలో ఆరబెట్టి, పెరటికి అవతలి పక్క కొత్త మట్టిలో నాటారు. ఈసారి వాటి మీద ఏమీ కప్పలేదు. బోసిగా ఉన్న ఆ చోటు చూస్తే రెడ్డెమ్మకు ప్రాణం ఉసూరుమనేది. చలికి చస్తాయేమో అని రోజూ నాలుగుసార్లు వెళ్ళి చూసేది.

చౌడమ్మ సంగతి చెప్పలేదు కదూ. ఆ తవ్విన రోజే పొద్దుగూకే ముందు ఎవరూ చూడ్డం లేదనుకుని తన మడి మీది దుప్పటి తీసి విదిలించుకుంది. విదిలించాక ఊరంతా వినపడేలా ఒక కేక పెట్టింది. ఆ తర్వాత ఊళ్ళో ఏ ఇంటి పెరట్లో చూసినా పొగే.

కొన్నాళ్ళకు వనజకు నొప్పులు మొదలయ్యాయి. ఓబులేసు జీపు తెచ్చాడు. ఆసుపత్రి కొండ కింద ఉంది. మంచులో ముందున్న దారే కనిపించడం లేదు. వంపు వంపుకూ జీపు నెమ్మదిస్తుంటే రెడ్డెమ్మ కూతురి చెయ్యి వదలకుండా పట్టుకుంది. నోటితో ధైర్యం చెబుతోంది గానీ లోపల చౌడమ్మ మాటలే తిరుగుతున్నాయి. తవ్వకుండా ఉండాల్సిందా, ఆ రెండు మొగ్గలూ ఉంచాల్సిందా అని. పురుగును కళ్ళారా చూసి కూడా ఆమె భయం పోలేదు. భయం అంత త్వరగా పోదు తల్లీ, పెద్దవాళ్ళకు మరీను.

ఆసుపత్రి వరండాలో రెడ్డెమ్మ కూర్చోలేదు, నిలబడలేదు. పొద్దు వాలే వేళకు లోపలి నుంచి ఒక ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, ఆగి, మళ్ళీ గట్టిగా. ఆడపిల్ల. మొదటి రోజు గడిచింది, బిడ్డ పాలు తాగింది. రెండో రోజు గడిచింది, తాగి నిద్రపోయింది. మూడో రోజు గడిచింది, గొంతు చించుకుని ఆసుపత్రి మొత్తాన్నీ లేపింది. రెడ్డెమ్మకు ఆ ఏడుపు ఎంత విన్నా తనివి తీరలేదు.

ఆ తర్వాత ఉయ్యాల కట్టే రోజు వచ్చింది. ఆడవాళ్ళంతా చేరారు. దూలానికి ఉయ్యాల కట్టారు, లోపల మెత్తటి పాత చీర పరిచారు. నాలుగు తాళ్ళూ బోసిగా వేలాడుతున్నాయి. అందరి కళ్ళూ ఆ తాళ్ళ మీదే. ఎవరూ బిడ్డను అందుకోవడం లేదు. చివరికి చౌడమ్మే గొంతు సవరించుకుంది. వచ్చే ఏడు పూలు పూసేదాకా బిడ్డను చాప మీదే పడుకోబెడదాం, ఎందుకొచ్చిన ముప్పు అంది. ఆమె చెడ్డగా అనలేదు. ఆమెకూ భయమే.

రెడ్డెమ్మ కూతురి వైపు చూసింది. మొగ్గలు వచ్చినాయా అని రోజూ అడిగిన పిల్ల ఇప్పుడేమంటుందో, మళ్ళీ ఆ పాత భయం పట్టుకుంటుందో ఏమో అని ఆమె దిగులు.

వనజ లేచింది. బిడ్డను రెండు చేతుల్లో ఎత్తుకుని నెమ్మదిగా ఉయ్యాల దగ్గరికి నడిచింది. తనే వంగి పడుకోబెట్టింది. బొంత సర్దింది.

"పురుగు పట్టింది పూలకి అవ్వా, నా బిడ్డకి కాదు. ఊపండి" అంది.

ఎవరూ కదల్లేదు. అప్పుడు రెడ్డెమ్మ ముందుకొచ్చి తాడు పట్టుకుని ఉయ్యాల ఊపింది. ఒకసారి ఊపింది, ఏమీ కాలేదు. రెండోసారి ఊపింది, బిడ్డ ఆవులించింది. మూడోసారి ఊపేటప్పటికి చౌడమ్మ చెయ్యి కూడా వచ్చి ఆ తాడు మీద పడింది.

కథేమో కంచి దారి పట్టింది,
మంచేమో కొండ దారి పట్టింది,
ఉయ్యాల ఊగి ఊగి ఊరుకుంది,
మన ఇంటి బంగారుతల్లి నిదరోయింది.